రైహాన్: పరిమళం, రుచి

 

ప్రియ సోదరులారా! జుమా నమాజు ముగిశాక ఈ మస్జిదు గుమ్మం దగ్గర నిలిచి ‘రెహాన్’ అని పిలిస్తే, ఒకరిద్దరు పిల్లలైనా వెనుదిరిగి చూస్తారు. రెహానా అనే ఆడబిడ్డ లేని వీధి మన మొహల్లాల్లో అరుదు. అర్థమేమని తల్లిదండ్రులను అడగండి, ‘స్వర్గపు సువాసన’ అంటారు. తప్పు కాదు గాని, అంతటితో ఆగితే చాలదు. దివ్య ఖురాన్‌లో రెండు చోట్ల వచ్చిన ఈ పేరు దైవప్రవక్త (స) నోట వాత్సల్యంతోనూ పలికింది, గుండె ఝల్లుమనే హెచ్చరికగానూ పలికింది.

రైహాన్ అనే పదానికి మూలం రా, వావ్, హా అనే మూడక్షరాలు. ఆత్మ అనే అర్థమిచ్చే ‘రూహ్’, గాలి అనే ‘రీహ్’, వాసన అనే ‘రాయిహా’, సేద దీరడమనే ‘రౌహ్’ అన్నీ ఆ మూలం నుంచి మొలిచినవే. మనం ఉర్దూలో వాడే ‘రాహత్’ కూడా అంతే. రమజాను రాత్రుల ‘తరావీహ్’ సైతం ఇక్కడిదే. నాలుగేసి రకాతులకు ఒకసారి తీసుకొనే విశ్రాంతి పేరు ‘తర్వీహా’. మరి మూలంలో వావ్ ఉండగా పదంలో యా ఎలా వచ్చింది? తొలి రూపం ‘రైవహాన్’ అనీ, వావ్ యాలో కలిసి ఒత్తుగా మారి, ఆపై ఆ ఒత్తూ తేలికపడిందనీ వ్యాకరణవేత్తలు వివరించారు. అరబ్బీకి సోదర భాషయైన హీబ్రూలోనూ ఆత్మకు ‘రూఅహ్’, వాసనకు ‘రేఅహ్’ అనే మాటలున్నాయి. ఊపిరినీ వాసననూ ఒకే ఇంటి బిడ్డలుగా చూడటం ఆ జాతులన్నిటి పాత అలవాటు.

ఇంతకూ రైహాన్ ఏ మొక్క? విశాలార్థంలో సువాసన గల ప్రతి మొక్కా రైహానే. అరబ్బు తూర్పు ప్రాంతాల్లో, ఇరాన్‌లో మాత్రం తులసి జాతికి చెందిన ఒక మొక్కకు ఆ పేరు స్థిరపడింది. తెలుగువారు దాన్ని రుద్రజడ అంటారు. ఎండాకాలంలో నానబెట్టి షర్బతులో కలుపుకొనే సబ్జా గింజలు దానివే. యూనానీ హకీములు వాటిని ‘తుఖ్మె రైహాన్’ అంటారు. అండలూసియాలో అదే పేరు మరో సువాసన పొదకు దక్కింది. గ్రెనడాలోని అల్‌హంబ్రా కోటలో కొలనుకు ఇరువైపులా ఆ పొదలు నాటిన ప్రాంగణాన్ని స్పానిష్ ప్రజలు నేటికీ ‘అర్రయానెస్’ ప్రాంగణమనే పిలుస్తారు. అది అర్‌రైహాన్ అన్న మాటే. 1492లో అక్కడి ముస్లిం పాలన అంతమైంది, పేరు మిగిలింది.

ఇక ఖురాన్ ప్రయోగం చూద్దాం. సూరె రహ్మాన్ 12వ ఆయతులో అల్లాహ్ భూమిపై తన అనుగ్రహాలను లెక్కిస్తూ పొట్టు గల ధాన్యాన్నీ, రైహాన్‌నూ పేర్కొన్నాడు. ఇది మీకు తెలిసిన సువాసన మొక్కేనని హసన్ బస్రీ (రహ్మ) అన్నారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మాత్రం ఖురాన్‌లోని రైహాన్‌కు ‘ఉపాధి’ అని అర్థం చెప్పినట్లు తఫ్సీరు గ్రంథాలు ఉల్లేఖిస్తున్నాయి. బతుకుతెరువు కోసం బయలుదేరడాన్ని ‘అల్లాహ్ రైహాన్‌ను వెదకబోవడం’ అనడం అరబ్బుల నుడికారం. హమ్జా, కిసాయీల పఠనంలో ఈ పదం చివరి అచ్చు ఒక్కటి మారి, ధాన్యానికే పొట్టూ రైహానూ రెండూ ఉన్నాయనే భావం వస్తుంది. అంటే గడ్డి పశువుకు, గింజ మనిషికి. నాకు ఈ అర్థం మిక్కిలి ఇష్టం. అన్నం మెతుకు కూడా రైహానే గనుక, కూలివాని కూలి ఎగవేసినవాడు దోచుకున్నది అల్లాహ్ ఇచ్చిన రైహాన్‌నే.

హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)ను ఇరాక్ మనిషి ఒకడు ఇహ్రామ్ స్థితిలో ఈగను చంపడం గురించి అడిగిన సంగతి బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) మనుమణ్ణి చంపినవారు ఈగను గురించి అడుగుతున్నారే అని ఆయన విస్తుపోయారు. హసన్, హుసైన్‌లను ఈ లోకంలో తన రెండు రైహాన్‌లుగా దైవప్రవక్త (స) పేర్కొన్నారని గుర్తుచేశారు. బిడ్డను ఎత్తుకొని వాసన చూసి ముద్దాడే తాత మాట అది. ఎవరైనా రైహాన్ ఇస్తే కాదనవద్దనీ, అది మోయడానికి తేలిక, వాసనకు ఇంపు అనీ ఆయన (స) ఉపదేశించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది.

అదే ప్రవక్త (స) అదే మొక్కను కపటవిశ్వాసికి ఉపమానం చేశారు! హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఖురాన్ చదివే విశ్వాసి మాదీఫలం వంటివాడు. వాసనా మంచిదే, రుచీ మంచిదే. చదవని విశ్వాసి ఖర్జూరం. వాసన లేదు, తీపి ఉంది. ఖురాన్ చదవని కపటి చేదుపుచ్చ. ఖురాన్ చదివే కపటి రైహాన్. వాసన మధురం, రుచి చేదు.

సోదరులారా! వాసన దూరం నుంచే అందుతుంది, రుచి నోట పెట్టుకున్నవానికే తెలుస్తుంది. మన ఖిరాత్ మాధుర్యం లౌడ్‌స్పీకరులో మొహల్లా అంతటికీ వినబడుతుంది. మన రుచి ఎవరికి తెలుసు? భార్యకు తెలుసు. వ్యాపారంలో భాగస్వామికి తెలుసు. వారసత్వంలో వాటా అడిగి ఊరకున్న అక్కచెల్లెలికి తెలుసు. వారిని అడగకుండా మన గొంతును మనమే మెచ్చుకోవడం ప్రమాదకరం. అందుకని ఎవరూ తిలావత్ మానుకోరాదు సుమా! ఆ హదీసు ఖురాన్ పఠనంలోని సువాసనను కాదనలేదు.

రెండవ ప్రస్తావన సూరె వాఖియా 89వ ఆయతులో, మరణ ఘడియ వర్ణన తరువాత వస్తుంది. అక్కడ మూడు వర్గాలున్నాయి. కుడిపక్షం వారికి సలామ్ ఉంది. తిరస్కరించిన మార్గభ్రష్టులకు మరిగే నీరు, నరకాగ్ని ఉన్నాయి. రౌహ్, రైహాన్, అనుగ్రహాల స్వర్గం మాత్రం ‘ముఖర్రబూన్’కు, అంటే అల్లాహ్ సాన్నిధ్యం పొందినవారికి. అలాంటివాని ప్రాణం తీసే ముందు స్వర్గపు రైహాన్ కొమ్మ తెస్తారనీ, అతడు దాన్ని వాసన చూశాకే రూహ్ వెడలుతుందనీ తాబయీ అబుల్ ఆలియా (రహ్మ) వివరించారు.

అల్లాహ్! ఈ జమాఅత్‌లో మమ్మల్ని విడిచి వెళ్లినవారికీ, వెళ్లబోయే మాకూ ఆ కొమ్మను ప్రసాదించు. ఆమీన్.