మస్టరులో లేని గడి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, కరువు భత్యం గురించో, మెడికల్ రీయింబర్సుమెంటు గురించో మాట్లాడతానని వారు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఈ రోజు చేతుల గురించి మాట్లాడదలచాను. రోడ్డు పగలగొట్టే మిషను, రాయి తొలిచే మిషను, గోడకు గాడి కొట్టే మిషను పట్టుకొని బతికేవారి చేతుల గురించి. ఈ సభకూ దానికీ సంబంధమేమిటని మీకు తోచవచ్చు. కొంచెం ఓపిక పట్టమని మనవి.

1986లో నేను ఒక డివిజన్ కార్యాలయంలో గుమాస్తాను. దినకూలీల మస్టర్లు సరిచూసి బిల్లు తయారు చేయడం నా సీటు పని. ఆ ఎన్.ఎం.ఆర్. కూలీలలో ఒకతను కంప్రెసరు మీద నడిచే బ్రేకరుతో పాత కాంక్రీటు పగలగొట్టేవాడు. వయోజన విద్యా కేంద్రంలో సంతకం నేర్చుకున్నాడు. అందరూ వేలిముద్ర వేసి వెళ్ళిపోతుంటే తను మాత్రం పెన్ను అడిగి తీసుకొని, నాలుగక్షరాల పేరు నిదానంగా రాసి, ఒకసారి చూసుకొని వెళ్ళేవాడు.

రెండు మూడేళ్ళు గడిచేసరికి ఆ సంతకం చెదిరిపోయింది. ఒక నెల అక్షరాలు గీత దాటి పక్క గడిలోకి పోయాయి. నేను పాత మస్టరు తీసి పక్కన పెట్టి చూశాను. "సంతకం తేడాగా ఉన్నది. గుర్తింపు ధ్రువీకరించవలెను" అని ఎర్ర సిరాతో రాసి అతని కూలి ఆపాను. అతను నా బల్ల దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, వేళ్ళు నా మాట వినడం లేదు. పెన్ను చేతిలో ఉందో లేదో కూడా తెలియడం లేదు. వేలిముద్ర వేయించుకోండి" అన్నాడు. "రాత్రిపూట తాగడం మానెయ్, అవే కుదురుకుంటాయి" అన్నాను నేను. అతనికి తాగుడు అలవాటే లేదని తరువాత మేస్త్రీ చెప్పాడు. ఆ మేస్త్రీ వచ్చి సాక్షి సంతకం చేసేదాకా, పదకొండు రోజులు, అతనికి కూలి ముట్టలేదు. మరుసటి సంవత్సరం మస్టరులో అతని పేరు లేదు. పని నెమ్మదించిందని మానిపించారట. ఆడిట్ వారు మాత్రం నా ఎర్ర సిరా చూసి మెచ్చుకున్నారు.

ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 2009లో రిటైరయ్యాను. 2014లో ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. ఒక ఉదయం వాళ్ళ ఇంటి ముందు గొట్టాల కోసం కాలిబాట తవ్వుతున్నారు. ఒక పనివాడు కాసేపు బ్రేకరు నడిపి, ఆపి, జేబులోంచి చిన్న కార్డు తీసి ఏదో రాసుకున్నాడు. మిషను రెండో అతనికి ఇచ్చి తను పార అందుకున్నాడు. ఎవరైనా ఏదైనా రాస్తుంటే ఊరుకోలేని బుద్ధి మనది. అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్ళి అడిగాను. "ఇది నా చేతుల లెక్క. ఇవాళ్టికి ఎన్ని పాయింట్లయ్యాయో రాసుకుంటున్నాను. హద్దు దాటితే మిషను ముట్టకూడదు" అన్నాడు. నాకు ఆ ఎర్ర సిరా గుర్తుకు వచ్చింది. మిగిలిన రోజులు మా అబ్బాయి చేత ఆ విషయమై పుస్తకాలు తెప్పించుకొని చదివాను. అందులో నాకు తెలిసినంత మీకు చెబుతాను.

అదిరే మిషను పట్టుకున్నప్పుడు ఆ అదురు పిడి నుంచి వేళ్ళకు, అరచేతికి, మోచేతికి పాకుతుంది. అలా ఏళ్ళ తరబడి సాగితే వేళ్ళలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. కండరాలకు, కీళ్ళకు కూడా హాని జరుగుతుంది. మొదట పని ఆపిన తరువాత తిమ్మిరి, చీమలు పాకినట్లుండడం. తరువాత స్పర్శ తగ్గడం, పట్టు తప్పడం, చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోవడం, కింద పడిన నాణెం ఏరుకోలేకపోవడం. చలి తగిలినప్పుడు వేళ్ళ కొనలు సున్నం కొట్టినట్లు తెల్లబడతాయి. అందుకే చలిదేశాలలో దీనికి "తెల్లవేలు" జబ్బు అని పేరు వచ్చింది. మనలాంటి వేడి ప్రాంతాలలో వేళ్ళు తెల్లబడడం అరుదు. తిమ్మిరి, మొద్దుబారడమే కనిపిస్తాయి. నిజానికి అవి కనిపించవు కూడా, ఆ మనిషి చెబితేనే తెలియాలి. చెబితే నాలాంటివాడు నమ్మడు.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ అనే ఊరికి డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు వెళ్ళారు. అక్కడ సున్నపురాయి చెక్కేవారు గాలితో నడిచే సుత్తులు వాడేవారు. ఉలిని పట్టుకొనే ఎడమచేతి వేళ్ళు ఎక్కువగా తెల్లబడి మొద్దుబారుతున్నాయని ఆమె పరిశీలించి, కారణం ఆ సుత్తి అదురూ, చలీ, చేతి బిగింపూ అని ప్రభుత్వానికి నివేదిక రాశారు. 1978లో పరిశోధకులు మళ్ళీ అదే ఊరికి వెళ్ళి చూస్తే జబ్బు అలాగే ఉంది. అంటే తెలిసిన జబ్బుకు షష్టిపూర్తి జరిగింది గాని మందు పడలేదు. నివేదిక దాఖలు చేసినంత మాత్రాన పని జరగదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక లెక్క సంగతి. 2002లో యూరప్ దేశాలు ఉమ్మడిగా ఒక ఆదేశం చేసుకున్నాయి. దాని ప్రకారం బ్రిటన్‌లో 2005లో నిబంధనలు వచ్చాయి. ప్రతి మిషను అదురునూ త్వరణంగా కొలిచి ఒక అంకె ఇస్తారు. ఆ అంకెను అదే అంకెతో గుణించి, రెండుతో గుణించి, చేతిలో మిషను నడిచిన గంటలతో గుణిస్తే ఆ రోజు పాయింట్లు వస్తాయి. 100 పాయింట్లు దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి. 400 దాటకూడదు, అది రోజుకు హద్దు.

ఉదాహరణ చెబుతాను. అంకె 5 ఉన్న మిషను ఎనిమిది గంటలు నడిపితే హద్దుకు చేరుతుంది. అంకె 10 అయితే రెండు గంటలకే చేరుతుంది. అంకె 20 అయితే అరగంటకే. అదురు రెట్టింపయితే పట్టుకోదగిన సమయం సగం కాదు, నాలుగో వంతు. ఇది చాలామందికి తెలియదు. రోడ్డు బ్రేకరుకు సాధారణంగా చెప్పే అంకె 12. దానితో గంటకు 288 పాయింట్లు. అంటే 21 నిమిషాలలోపే జాగ్రత్త గీత, 83 నిమిషాలకు హద్దు. మా కూలీ రోజుకు మూడు గంటలు నడిపాడని వేసుకున్నా 864 పాయింట్లు, హద్దుకు రెండింతలకు పైగా. అతని మస్టరులో నేను రోజూ చూసింది "హాజరు" అన్న గుర్తు ఒక్కటే. మనిషి ఎన్ని రోజులు వచ్చాడో మన దగ్గర లెక్క ఉంది. అతని చేతిలో మిషను ఎన్ని నిమిషాలు నడిచిందో రాసే గడి మస్టరులో లేదు.

ఆ గడి నింపడం కష్టం కాదు. ఎనిమిది గంటల డ్యూటీ అంటే ఎనిమిది గంటలు మిషను నడిచినట్లు కాదు. గడియారం పెట్టుకొని, నడిచిన నిమిషాలు మాత్రమే కూడాలి. ఒకే మనిషి పొద్దున గ్రైండరు, మధ్యాహ్నం డ్రిల్లు పడితే రెంటి పాయింట్లూ కలపాలి. కంపెనీవారి పుస్తకంలో ఇచ్చిన అంకె కన్నా నిజమైన పనిలో అదురు ఎక్కువ ఉండవచ్చు కాబట్టి కాస్త ఎక్కువే వేసుకోవడం మంచిది.

లెక్క తేలాక చేయవలసినవి ఇవి. మొదటిది, అసలు ఆ పనే లేకుండా చూడడం. స్లాబు వేసేటప్పుడే గొట్టాలకు దారి వదిలితే తరువాత పగలగొట్టే పని ఉండదు. పెద్ద పని అయితే చేత్తో పట్టే బ్రేకరు బదులు బండికి తగిలించిన బ్రేకరు పెట్టవచ్చు. రెండవది, అదురు తక్కువ ఉన్న మిషను కొనడం, ఉలి మొద్దుబారకుండా చూడడం. మొద్దు ఉలితో పని సాగదు, సమయం పెరుగుతుంది. మూడవది, మనుషులను మార్చి మార్చి పెట్టడం. నాలుగవది, మిషనును బలంగా బిగించి పట్టుకోకుండా దాని పని దాన్ని చేయనివ్వమని నేర్పడం. చేతులు వెచ్చగా ఉంచుకోవాలి. పొగ తాగితే రక్తనాళాలు మరింత కుంచించుకుపోతాయి. చేతి తొడుగులు వేసుకుంటే చాలదా అని అడుగుతారు. దెబ్బ తగలకుండా, చలి తగలకుండా అవి పనికివస్తాయి గాని, అదురును ఆపుతాయని వాటిని నమ్ముకోకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం అడగడం. పని ఆపిన తరువాత ఇరవై నిమిషాలు దాటినా తిమ్మిరి ఉంటోందా? రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తోందా? బొత్తాలు పెట్టుకోవడం కష్టంగా ఉందా? ఈ మూడు ప్రశ్నలు ఏ మేస్త్రీ అయినా అడగవచ్చు. మొదట్లోనే మిషను మానిపిస్తే కొంత కోలుకుంటారు. ముదిరిన తరువాత పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. మనలో చాలామందికి షుగరు వల్ల కూడా తిమ్మిర్లు ఉన్నాయి. కాబట్టి తిమ్మిరి ఉన్న ప్రతివాడికీ ఇదే జబ్బని అనుకోకూడదు, షుగరేనని తేల్చేయనూ కూడదు. తాగుడని అసలు అనకూడదు. డాక్టరుకు చూపించి, ఏ పని చేస్తాడో ఆయనకు చెప్పాలి.

మా కాలనీలో 2019లో మంచినీళ్ళ గొట్టాల కోసం సిమెంటు రోడ్డు కోశారు. కాలనీ సంఘం తరఫున నేను కుర్చీ వేసుకొని కూర్చుని నిమిషాలు రాశాను. కాంట్రాక్టరు మొదట నవ్వాడు. "పెద్దాయనకు పొద్దుపోవడం లేదు" అన్నాడు. రెండో రోజు సాయంత్రం లెక్క చూపించాను. ఒకే కుర్రాడు రెండు రోజులూ నాలుగేసి గంటలు పట్టాడు. మూడో రోజు నుంచి ఇద్దరిని మార్చి మార్చి పెట్టాడు. హద్దు లోపలికి వచ్చిందని చెప్పలేను. సగానికి వచ్చింది. నేను కుర్చీ తీసేశాక ఏమైందో మరి.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకొని మనం ఏటా ఈ దినోత్సవం జరుపుకుంటాం. పింఛను ఎవరి దయాదాక్షిణ్యమో కాదు, మన హక్కు అని ఆ తీర్పు వల్లనే గట్టిగా చెప్పగలుగుతున్నాం. మస్టరు కూలీకి ఆ హక్కు లేదు. ముసలితనంలో అతనికి మిగిలేవి రెండు చేతులే. అవి మొద్దుబారితే ఏ కోర్టుకు వెళతాడు?

మీలో కొందరు ఇళ్ళు కట్టిస్తున్నారు. కొందరి పిల్లలు ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు. అపార్టుమెంటు సంఘాలకు కార్యదర్శులుగా ఉన్నవారూ ఉన్నారు. ఎక్కడ మిషను మోత వినబడినా ఒక నోటుబుక్కు తీసి మూడు గళ్ళు గీయండి. మనిషి పేరు, మిషను పేరు, నడిచిన నిమిషాలు. రాయడం మనకు చేతనైన పని. జీవితమంతా చేసిన పనే.

ఆ కూలీ కోసం నేను వాకబు చేశాను. మేస్త్రీ కాలం చేశాడు. ఊరు మారిపోయింది. దొరకలేదు. దొరికితే చెప్పుకోవలసిన క్షమాపణ ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది మీ ముందు చెప్పుకొని సెలవు తీసుకుంటున్నాను.