ఆకు అడుగున చూసే చదువు: స్నాతకోత్సవ ప్రసంగం

ఉద్యాన శాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న విద్యార్థుల ఎదుట ఒక కీటకశాస్త్ర ప్రయోగశాల సాధించినదాన్ని విడమరచి చెప్పడం ఈ సందర్భానికి ఎంతో తగినది. ఎందుకంటే ఆ ప్రయోగశాల చేసిన మేలు కోనసీమ కొబ్బరితోటల్లో కంటికి కనిపించేదే అయినా, దాని వెనుక ఉన్న పద్ధతి మాత్రం వివరిస్తే తప్ప బోధపడేది కాదు. డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో, పంటను పాడుచేసే పురుగుల మీదికి వాటిని తినే మిత్ర కీటకాలను పెంచి పంపుతారు. ఇతర పురుగుల దేహం మీద గాని, లోపల గాని గుడ్లు పెట్టి, తమ సంతానానికి ఆ దేహాన్నే ఆహారం చేసే కీటకాలను బదనికలు అంటారు. వేటాడి తినేవాటిని పరభక్షకాలు అంటారు.

కొబ్బరిని ఆశించే నల్లతల పురుగు ఆకు అడుగున తన పట్టుదారంతో, విసర్జనతో సొరంగం లాంటి గూడు అల్లుకొని, అందులో దాగి పచ్చటి పదార్థాన్ని గోకి తింటుంది. ఉధృతి ముదిరిన తోట దూరం నుంచి చూస్తే మంటకు కమిలినట్టు ఉంటుంది. అంత ఎత్తున, గూటిలో ఉన్న పురుగుకు పిచికారీ చేసిన మందు సరిగా తగలదు గాని, బ్రాకాన్, గోనియోజస్ అనే చిన్న బదనికలు దాన్ని వెతికి పట్టుకుంటాయి. వాటిని పెంచాలంటే ముందు వాటి ఆహారాన్ని పెంచాలి కనుక, ధాన్యపు నూకల మీద కొర్సైరా అనే నిల్వ ధాన్యపు పురుగును పెంచుతారు. లాంతరు చిమ్నీలో బ్రాకాన్ తల్లిపురుగులను వదిలి, మూతికి పలుచని గుడ్డ బిగించి, దాని మీద ఎదిగిన కొర్సైరా గొంగళ్లను పరచి, పైన మరో గుడ్డ కప్పుతారు. లోపలి తల్లిపురుగులు గుడ్డ సందుల్లోంచే ముల్లుతో పొడిచి గొంగళ్లను చచ్చుబడేలా చేసి, వాటి మీద గుడ్లు పెడతాయి. గోనియోజస్ తల్లి అయితే గుడ్లు పెట్టి వెళ్లిపోకుండా పిల్లల దగ్గరే ఉండి కావలి కాస్తుంది. కీటకాలలో ఇంతటి సంరక్షణ అరుదు, అది చూసి ఆశ్చర్యపడని విద్యార్థి ఉండకూడదు. ఈ బదనికలు పనిచేసేది నల్లతల పురుగు గొంగళి దశలోనే కాబట్టి, విడుదలకు ముందు ఆకులు కోసి, ఏ దశ పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్కించడం తప్పనిసరి; ఆ లెక్క తప్పితే పెంచిన శ్రమంతా వృథా అవుతుంది.

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ, తర్వాత గోదావరి జిల్లాల తోటలకూ చేరినప్పుడు ఈ అనుభవమే ఆసరా అయింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెట్టే ఈ దోమ రసం పీలుస్తూ తేనె వంటి జిగురును విసర్జిస్తుంది. ఆ జిగురు మీద మసి తెగులు పెరిగి, కొబ్బరి కింది ఆకులతో పాటు అంతర పంటలైన అరటి, కోకో ఆకులు కూడా నల్లబడతాయి. ఆ నలుపు చూసి భయపడిన రైతు రసాయన మందు చల్లడం సహజమే గాని, దానివల్ల దోమతో పాటు దాని శత్రువులూ నశించి, దోమ మళ్లీ విజృంభిస్తుంది. ఆ శత్రువులలో ముఖ్యమైనది ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక. దీన్ని ఎవరూ పనిగట్టుకొని తెప్పించలేదు, తెల్లదోమ వచ్చిన చోటికి అదీ చేరుకుంది. అది సోకిన దోమ పిల్లలు నల్లగా మారతాయి కనుక, అటువంటివి ఎక్కువగా ఉన్న ఆకు ముక్కలను కోసి, బదనికలు లేని తోటల్లో కట్టవచ్చు. దీనికి తోడు ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంద్రాన్ని పిచికారీ చేస్తే, దాని బీజాలు దోమ చర్మం మీద మొలకెత్తి లోపలికి చొచ్చుకుపోయి చంపుతాయి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఈ జీవ నియంత్రణ పద్ధతులకు శాస్త్రీయ పునాది వేసింది. అంబాజీపేట ప్రయోగశాల వాటిని రైతు ముంగిటికి చేర్చింది.

ఇటువంటి విజయానికి పత్రికల్లో దక్కే చోటు చిన్నదే, ఎందుకంటే చల్లకుండా మానుకున్న మందును ఫొటో తీయలేరు. అయినా ఒక వ్యవసాయ కీటకశాస్త్రజ్ఞుడి పనితనాన్ని కొలవడానికి ఇంతకంటే నికార్సైన కొలత లేదు. ఈ రోజు పట్టా అందుకున్నవారిని రేపు రైతు అడిగే మొదటి ప్రశ్న ఏ మందు కొట్టాలనే. జవాబు చెప్పే ముందు ఆకు తిప్పి చూసి, నల్లబడిన దోమ పిల్లలు ఎన్నో, తెల్లగా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టడం వారి మొదటి కర్తవ్యం.

చేయవలసిన పని ఇంకా ఉంది. తెల్లదోమ పొడి వాతావరణంలో పెరిగి, వానలు పడ్డాక తగ్గుతుంది. శిలీంద్రానికి మాత్రం తేమ కావాలి కనుక, దోమ ఉధృతంగా ఉన్న ఎండాకాలంలోనే దాని బలం సన్నగిల్లుతుంది. వేడిని తట్టుకొనే శిలీంద్ర రకాలను వెతకడం, వాటిని నాణ్యత చెడకుండా గ్రామాల్లోనే పెంచే విధానాన్ని స్థిరపరచడం, ఒక్క తోటలో కాక ఊరంతటా ఒకేసారి బదనికలను కాపాడేలా రైతులను కూడగట్టడం ఇప్పుడు పరిశోధనశాలల్లోకి, రైతు సేవా కేంద్రాల్లోకి, తోటల్లోకి వెళ్లబోయే ఈ పట్టభద్రుల వంతుకు వచ్చిన పనులు.