గ్రీకు తత్త్వ గ్రంథాలు - కంప్యూటరు సాయం

కోలారు ప్రాంతంలో ఒక కళాశాలలో నేను చాలా ఏళ్ళు తత్త్వశాస్త్రం బోధించాను. పుస్తకం ఇంగ్లీషులో, వివరణ కన్నడంలో, తరగతి అయిపోయాక వరండాలో కబుర్లు తెలుగులో. మన సరిహద్దు జిల్లాల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒకనాడు ప్లేటో రాసిన ‘రిపబ్లిక్’ మొదటి భాగం పాఠం ముగించి బయటికి వస్తుంటే, ఒక విద్యార్థి నన్ను ఆపాడు. ద్రాక్షతోట ఉన్న రైతు కొడుకు. “సార్, న్యాయం గురించి మాట్లాడతా మాట్లాడతా నడమ కొడవలి యాడ్నించి వచ్చె సార్?” అని అడిగాడు. “అది ఒట్టి ఉపమానం నాయనా” అనేసి, బస్సు వేళయిందని వెళ్ళిపోయాను.

ఆ జవాబు తప్పు. తప్పని తెలుసుకునేసరికి నేను ఉద్యోగ విరమణ కూడా చేశాను. తెలియజెప్పినది మా అమ్మాయి ఇంట్లో ఉన్న కంప్యూటరు. అది ఎలా జరిగిందో ఈ రోజు మీకు చెప్పాలని ఉంది.

ముందు ఆ కొడవలి సంగతి. అన్యాయంగా బతికేవాడే లాభపడతాడని థ్రాసిమాకస్ అనే ఆయన వాదిస్తాడు. సోక్రటీసు అతన్ని ప్రశ్నలు వేస్తూ పోతాడు. గుర్రానికి ఒక పని ఉందా, లేదా? కంటికి చూడడం పని కాదా? ద్రాక్షతీగను బాకుతోనూ కోయవచ్చు, ఉలితోనూ కోయవచ్చు. కాని అందుకోసమే చేయించిన కొడవలి కోసినంత బాగా అవి కోస్తాయా? అలా ప్రతి వస్తువుకూ తనదైన పని ఒకటి ఉంటే, ఆ పనిని చక్కగా చేయించే గుణం కూడా ఒకటి ఉండాలి. ఆ గుణానికి గ్రీకులో ‘అరెతే’ అని పేరు. మనిషి ఆత్మకూ పని ఉంది: బతకడం, ఆలోచించడం, తన్ను తాను నడుపుకోవడం. కనుక ఆత్మకూ ఒక అరెతే ఉంది, అది న్యాయమే, అని సోక్రటీసు తేలుస్తాడు.

నా చేతిలో ఉన్నది ఆక్స్‌ఫర్డ్ పండితుడు బెంజమిన్ జొవెట్ అనువాదం. 1871లో మొదట వెలువడిన ఆ అనువాదం చదవడానికి హాయిగా ఉంటుంది, అందులో సందేహం లేదు. అయితే ఈ చోట ఆయన అరెతేను ‘ఎక్సలెన్స్’ అన్నాడు. అదే ప్లేటో రాసిన ‘మీనో’లో, ఇది నేర్పితే వచ్చేదా అని అడిగిన చోట, అదే మాటను ‘వర్చ్యూ’ అన్నాడు. రెండు పుస్తకాలూ ఏటేటా పాఠం చెప్పిన నాకు ఆ రెండు ఇంగ్లీషు మాటల వెనుక ఉన్నది ఒకే గ్రీకు మాట అని తోచనే లేదు. తోచడానికి దారీ లేదు. గ్రీకు పుస్తకం మా గ్రంథాలయంలో లేదు, ఉన్నా చదివే శక్తి నాకు లేదు.

ఇప్పుడు దారి ఉంది. అమెరికాలో గ్రెగరీ క్రేన్ అనే ఆచార్యుడి ఆధ్వర్యంలో 1980లలో హార్వర్డులో మొదలై, తర్వాత టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో కుదురుకున్న ‘పెర్సియస్’ అనే గ్రంథాలయం ఒకటి ఉంది. ఇంటర్నెట్ ఉంటే చాలు, రుసుము లేదు. ప్లేటో మూలం మొత్తం అందులో ఉంది. గ్రీకు మాట మీద నొక్కితే అది ఏ పదమో, ఏ విభక్తిలో ఉందో, నిఘంటువులో ఏ అర్థం ఉందో చూపుతుంది. దీని విలువ తెలియాలంటే మన భాషనే తీసుకోండి. తెలుగు రాని మనిషి ‘చెట్ల’ అనే మాట చూసి నిఘంటువు తెరిస్తే అతనికి ఏం దొరుకుతుంది? అది ‘చెట్టు’ కింద వెతకాలని చెప్పేవారు పక్కన ఉండాలి. గ్రీకులో ఈ చిక్కు ఇంకా ఎక్కువ, క్రియ ఒక్కటే వందల రూపాలు ధరిస్తుంది. పెర్సియస్ చేసేది ఆ పక్కనుండి చెప్పే పని. ఒక్కొక్కప్పుడు ఒకే రూపానికి రెండు మూడు అవకాశాలు చూపి, ఇదే కావచ్చునని ఒకదాన్ని సూచిస్తుంది. ఆ సూచన పొరపాటు కావచ్చు. వాక్యం చూసి మనమే తేల్చుకోవాలి.

మరి అంత పుస్తకంలో కావలసిన చోటు పట్టుకోవడం ఎలా? దీనికి కంప్యూటరు కంటే నాలుగు వందల ఏళ్ళ ముందే ఏర్పాటు జరిగింది. 1578లో ఆన్రి ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, లాటినులో స్టెఫానస్ అంటారు, ప్లేటోను మూడు సంపుటాలుగా అచ్చువేశాడు. ప్రతి పుటనూ ఎ నుంచి ఇ వరకు అయిదు భాగాలు చేశాడు. నేటికీ ఏ దేశంలో, ఏ భాషలో ప్లేటోను అచ్చువేసినా సాధారణంగా అంచున ఆ పుట సంఖ్యలే వేస్తారు. మన కొడవలి 353ఎ దగ్గర ఉంది. అరిస్టాటిల్‌కు 1831లో బెర్లిన్‌లో బెక్కర్ వెలువరించిన ముద్రణ సంఖ్యలు ఇలాగే వాడుకలో ఉన్నాయి. అచ్చుయంత్రం వాడు చేసిన ఆ చిన్న ఉపకారం మీదే నేటి ఈ కంప్యూటరు గ్రంథాలయాలన్నీ నిలబడి ఉన్నాయని నా అభిప్రాయం.

పెర్సియస్ కంటే పాతది, పెద్దది ఇంకొకటి ఉంది. ‘థెసారస్ లింగ్వే గ్రేకే’ అంటారు. మేరియన్ మెక్‌డొనాల్డ్ అనే విద్యార్థిని ఆలోచనతో 1972లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలో మొదలయింది. హోమరు మొదలు 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం దాకా, ఆ తర్వాతి కాలానివి కొన్ని కూడా, పది కోట్ల పై చిలుకు మాటలు అందులో ఉన్నాయి. గ్రీకు అక్షరాలు అప్పటి యంత్రాలకు తెలియవు. అందుకని డేవిడ్ ప్యాకర్డ్ అనే ఆయన గ్రీకును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి కల్పించాడు. థీటాకు క్యూ, ఒమేగాకు డబ్ల్యు; ఉచ్చారణ గుర్తులకు కుండలీకరణాలూ, ఏటవాలు గీతలూ. తెలుగు లిపి కంప్యూటర్లకు పట్టుబడని రోజుల్లో మనవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో ఉత్తరాలు రాసుకోలేదా, అలాంటిదే. 1985లో ఇది సీడీగా వచ్చింది, 2001లో ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. పూర్తిగా వాడుకోవాలంటే చందా కట్టాలి. కొంత భాగం ఉచితం.

అరెతే కోసం వెతికినప్పుడు నాకు దొరికిన వాటిలో ఒకటి మన రైతులకు నచ్చుతుంది. చరిత్రకారుడు తుసిడైడిస్ తన గ్రంథం ఆరంభంలోనే నేల అరెతే గురించి మాట్లాడతాడు. అంటే నేల సారం. సారవంతమైన నేల ఉన్న చోట కొందరు బలపడి, కలహాలు పుట్టాయంటాడు. నేలకూ అదే మాట, గుర్రానికీ అదే మాట, కొడవలికీ అదే మాట, సోక్రటీసు వెతికే మనిషి గుణానికీ అదే మాట.

దీన్ని తెలుగులో ఏమనాలి? నేను చాలా తంటాలు పడ్డాను. మంచి కొడవలి అంటాం, మంచి నేల అంటాం, మంచి మనిషి అంటాం. అంతవరకు తెలుగు గ్రీకుతో సమానంగానే నడుస్తుంది. కాని ‘మంచితనం’ అనగానే కొడవలీ నేలా జారిపోయి, మనిషి ఒక్కడే మిగులుతాడు. ‘సద్గుణం’ అంటే మరీ బడి పాఠం అయిపోతుంది. గ్రీకువాడికి ఆ జారిపోవడం లేదు. అందుకే సోక్రటీసు కొడవలి మీద అడుగు వేసి ఆత్మ దగ్గరికి నడిచిపోగలిగాడు. అది ఉపమానం కాదు, వాదంలో ఒక మెట్టు.

ఇది తెలిశాక సోక్రటీసును నమ్మాలా అంటే, అదీ అవసరం లేదు. మాట ఒకటే కనుక సంగతీ ఒకటేనా అని నిలదీయవచ్చు. పదునైన కొడవలి పక్కవాడి తోటలో దొంగతనంగా కూడా అంతే బాగా కోస్తుంది కదా! ఆ రైతు కొడుకు ఆ రోజు బహుశా ఈ ప్రశ్న దగ్గరికే వస్తున్నాడు. నేనే ఆపేశాను.

ఇక కొన్ని జాగ్రత్తలు. యంత్రం లెక్క పెట్టిన సంఖ్యలను చూసి మురిసిపోకూడదు. హెరాక్లిటస్, పార్మెనిడిస్ వంటి తొలి తత్త్వవేత్తల గ్రంథాలు పూర్తిగా మిగల్లేదు. ఇతరులు ఉదాహరించిన ముక్కలే మనకు దిక్కు. పార్మెనిడిస్ పద్యాలు చాలా భాగం దక్కినది ఆయన తర్వాత సుమారు వెయ్యేళ్ళకు పుట్టిన సింప్లీషియస్ వల్ల. ఒకే వాక్యం రెండు పేర్ల కింద రెండుసార్లు లెక్కకు రావచ్చు. ఇక ఈ మధ్య అడిగినదానికల్లా జవాబు చెప్పే కృత్రిమ మేధ వచ్చింది. దాన్నీ అడగండి, తప్పు లేదు. కాని ప్లేటో ఫలానా మాట అన్నాడని అది చెబితే స్టెఫానస్ సంఖ్య ఎంత అని అడగండి. ఆ సంఖ్య దగ్గర పుట తెరిచి చూడండి. లేని మాటను ఉన్నదని అది ఎంతో ధీమాగా చెప్పడం నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను.

గ్రీకు అక్షరాలు 24 మాత్రమే. తెలుగూ కన్నడమూ, తెలుగూ తమిళమూ, తెలుగూ ఒడియా అని చిన్నప్పుడే రెండేసి లిపులు దిద్దినవాళ్ళం మనం. పది రోజులు పట్టదు.

చివరగా ఒక కొత్త ముచ్చట. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఇటలీలోని హెర్క్యులేనియం ఊళ్ళో ఒక గ్రంథాలయం మాడి బొగ్గయింది. ఆ చుట్టలు విప్పితే పొడి అవుతాయి. అమెరికా ఆచార్యుడు బ్రెంట్ సీల్స్, మిత్రులు కలిసి 2023లో బహుమతి పోటీ పెట్టారు. విప్పకుండానే ఎక్స్‌రేలతో తీసిన చిత్రాల్లో సిరా జాడను కంప్యూటరు చేత గుర్తింపజేయాలి. ఆ ఏడాది అక్టోబరులో మొదటి మాట బయటపడింది. ఊదారంగు అని దాని అర్థం. 2024 ఫిబ్రవరిలో ముగ్గురు యువకులు సుఖాన్ని గురించిన ఒక గ్రంథభాగం చదివి పెద్ద బహుమతి గెలుచుకున్నారు. 2025లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మరో చుట్ట పేరు తెలిసింది. ఎపిక్యూరస్ అనుయాయి ఫిలోడెమస్ రాసిన దుర్గుణాల గ్రంథం. వేరే చుట్టల ద్వారా దాని పూర్తి పేరు ముందే తెలుసు: దుర్గుణాలు, వాటికి ఎదురుగా నిలిచే అరెతేలు. ఆ చుట్టలో లోపలి పుటలు ఇంకా చదవవలసే ఉన్నాయి.