రైతు ఇంటికి పిల్లనిచ్చేదెవరు?

(మండల మహాసభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, ఎరువుల గురించి ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఇవాళ ఇళ్లల్లో నలుగుతూ సభకు రాని మాట ఒకటి ఎత్తుతున్నాం. ముప్పై దాటినా పెళ్లికాని రైతుబిడ్డలు మన ఊళ్లలో ఎందరున్నారో లెక్కపెట్టుకోండి.

ఒకప్పుడు సంబంధాలు మేనరికాల్లోనో, జాతరల్లోనో, పొరుగూరి నాట్లలోనో కుదిరేవి. ఎన్నెకరాలు, నీళ్లున్నాయా అని అడిగేవారు. ఇప్పుడు పెళ్లిళ్ల పేరయ్యైనా, మ్యారేజి బ్యూరో అయినా మొదటి ప్రశ్న ఒకటే: అబ్బాయి ఉద్యోగమేంటి? వ్యవసాయం అనగానే ఫొటో పక్కన పెట్టేస్తున్నారు.

ఇది మన ఒక్కరి గోడు కాదు. 2022 డిసెంబరులో మహారాష్ట్రలోని సోలాపూర్‌లో పెళ్లికాని యువకులు పెళ్లికొడుకుల వేషంలో గుర్రాలెక్కి కలెక్టరేట్‌కు ఊరేగింపుగా వెళ్లారు. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలోని మండ్య జిల్లా యువకులు పిల్ల దొరకాలని మలె మహదేశ్వర కొండకు పాదయాత్ర చేశారు. ఆ ఏడాది అక్కడి ఎన్నికల్లో, రైతు కొడుకును చేసుకునే అమ్మాయికి రెండు లక్షలిస్తామని కుమారస్వామి హామీ ఇచ్చారు. మేం అంటున్నాం: పెళ్లికి డబ్బివ్వడం కాదు, పంటకు ధర ఇవ్వండి!

ఆడపిల్లల్ని తప్పుపట్టకండి. మనలో ఎంతమందిమి కూతుర్ని రైతుకిచ్చాం? మనమే ఇవ్వం, ఎదుటివాళ్లు ఇవ్వాలంటాం. అమ్మాయి కాదంటున్నది మన అబ్బాయిని కాదు, అప్పుల బతుకుని. తెల్లారకముందే లేచి, పేడకళ్లెత్తి, వండిపెట్టి, పగలంతా కలుపు తీసిన తల్లిని ఆమె చూసింది. ఆ తల్లి పేరు పాస్‌బుక్‌లో లేదు. ధాన్యం డబ్బు ఆమె ఖాతాలో పడదు. ఆమెను రైతు అని పిలిచినవాళ్లే లేరు.

ఇంకో నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి 939కి తగ్గారు. కట్నం భయంతో కడుపులోనే చంపుకుని, ఇప్పుడు కోడలు దొరకలేదని ఏడిస్తే ఎలా?

కాబట్టి పోరాటం రెండు చోట్ల చెయ్యాలి. బయట, సమగ్ర ఉత్పత్తి ఖర్చుకు యాభై శాతం కలిపి మద్దతు ధర ఇచ్చేదాకా, దానికి చట్టబద్ధత వచ్చేదాకా. ఇంట్లో, కట్నం అడగకుండా, భార్య పేరున కొంత భూమి పెట్టి, లెక్కాపత్రం ఆమె చేతికిచ్చి. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది. పసుపు కుంకుమ చేతిలో పెట్టి ఆ వాటా ఎగ్గొట్టకండి.

కలకాలం నిలిచే తోడు బ్యూరోలో దొరకదు. చేసే పనికి గౌరవం, ఆ పని మీద హక్కు ఉన్న ఇంట్లోనే దొరుకుతుంది. మన ఇళ్లను అలా మార్చుకుందాం. అప్పుడు మన కూతుర్ని రైతుకివ్వడానికి మనమూ వెనకాడం.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!