అరుగుమీది సంభాషణము

(గ్రంథాలయ వారోత్సవముల సందర్భమున ఒక పఠనమందిరమునందు చేయబడిన ప్రసంగము)



గ్రంథాలయాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పుస్తకముల లెక్కయు, బీరువాల లెక్కయు వారి నివేదికలోనే వచ్చినవి. వానిని మరల చదివి మీ కాలమును హరింపను. లెక్కకురాని వస్తువొకటి యీ మందిరమున గలదు. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సెలవిండు.

సాయంకాలము ఆరు గంటలు దాటగనే మన మందిరపు అరుగుమీద పదిమంది చేరుదురు. ఒక్క దినపత్రిక నాలుగు ముక్కలై నలుగురి చేతులలో తిరుగును. శాసనసభలోని రభస, ధాన్యపు ధర, క్రొత్తగా వచ్చిన చలనచిత్రము, దూరదేశపు యుద్ధము, మన వీధిలో నీరురాని కుళాయి, అన్నియు నచ్చటనే విచారణకు వచ్చును. ఈ సభకు రుసుము లేదు, తీర్మానములు లేవు, మినిట్సు పుస్తకము లేదు. అయినను ఈ మందిరమునకు ప్రాణమెక్కడనున్నదని యెవరైన నన్నడిగినచో నేను బీరువాలను చూపను, అరుగునే చూపుదును.

మన పెద్దలు ఈ సంగతి నెరుగుదురు. 1901 సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914 సంవత్సరమున బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సభ చేసిరి. ఆ తరమువారికి గ్రంథాలయ మనగా పుస్తకములు దాచు కొట్టు కాదు. నలుగురు కూడు చోటు. ఇక బందరునందలి కృష్ణాపత్రిక దర్బారు మాట మీరందరు వినియే యుందురు. 1907 మొదలు 1945లో కీర్తిశేషులగు వరకు ముట్నూరి కృష్ణారావుగారు ఆ పత్రికకు సంపాదకులు. సాయంకాలము పత్రికాకార్యాలయమున రాజకీయజ్ఞులు, కవులు, చిత్రకారులు, ఊరి మిత్రులు చేరెడివారు. అచ్చట సాగిన గోష్ఠికే జనులు దర్బారని పేరిడిరి. రాజు లేని దర్బారది. పత్రిక వారమున కొకమారు వెలువడెను. మాట ప్రతిదినము సాగెను. వ్రాత కా మాటయే పంటకాలువ యయ్యెనని నా నమ్మకము.

సంభాషణమును మన ప్రాచీనులు శాస్త్రముగ నెంచిరి. గౌతముని న్యాయసూత్రములు వాదమును మూడు తెరగులుగా విభజించినవి. సత్యము తెలిసికొనుటకై చేయునది వాదము. ఎట్లయిన గెలుచుటకై చేయునది జల్పము. తనకొక పక్షమే లేక యెదుటివాని పక్షమును చెరచుటకే చేయునది వితండ. చరకసంహిత విమానస్థానమున వైద్యుల సంభాషణ రెండు విధములని చెప్పబడినది: కలసి మాటలాడుట యొకటి, కయ్యమునకు దిగి మాటలాడుట రెండవది. మొదటి దానియందు ఓటమికి జంకవలదు, ఎదుటివాడు ఓడిన పొంగవలదు, పలువురియొద్ద ఆ గెలుపును చెప్పుకొనవలదు అని యచ్చట విధించిరి. రోగి ప్రాణము మధ్యనున్నది గనుక వైద్యులకీ నియమము అవసరమయ్యెను కాబోలు.

నేను ఇరువదేండ్లుగా న్యాయస్థానమున బ్రతుకుచున్నవాడను. అచ్చట మేము చేయునది జల్పమే. దాచవలసిన పని లేదు. నా కక్షిదారు పక్షమును నేను గెలిపింపవలెను. ఎదుటి పక్షమును ఎదుటి వకీలు చూచుకొనును. పైన న్యాయమూర్తి కూర్చుండును గనుక ఆ జల్పము నుండియు కొంత న్యాయము పుట్టును. అరుగుమీద న్యాయమూర్తి లేడు. ఈ స్వల్పవిషయము నాకు నలుబది యేండ్లు దాటిన తరువాతగాని తెలియలేదు. ఎట్లు తెలిసెనో చెప్పెదను.

2019 సంవత్సరము నవంబరు నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలో ఒకటి మొదలు ఆరవ తరగతి వరకు బోధన ఆంగ్లమున జరుగునని ఉత్తరువిచ్చెను. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము ఆ ఉత్తరువును కొట్టివైచెను. ఆ నడిమి నెలలలో మన యరుగు ఎట్లుండెనో ఇచ్చటివారు మరచియుండరు. మనలో అధికసంఖ్యాకులు తెలుగు పక్షము. నేను ఆ పక్షమునకు అయాచితముగా వకాల్తా పుచ్చుకొన్నవాడను. ఒకనాటి రాత్రి, దుకాణము కట్టివైచి చివరి అరగంట మాత్రము వచ్చి కూర్చుండు దర్జీ మిత్రుడొకడు, ఎన్నడును పెదవి విప్పనివాడు, “మా అమ్మాయికి ఇంగ్లీషు వస్తే తప్పేమిటండీ” అనెను.

నేను వానిని బోనెక్కించితిని. ఆంగ్లమున బోధించు పంతుళ్లు మీ బడిలో నెందరు? అవునా కాదా చెప్పుడు. ఇంట ఆ బాలికకు పాఠము చెప్పువారు కలరా? అవునా కాదా? పసితనమున మాతృభాషయందే బుద్ధి వికసించునని పెద్దలు చెప్పుట మీరు విన్నారా, లేదా? అతడు జవాబు మొదలిడిన ప్రతిసారియు తరువాతి ప్రశ్న వేసితిని. అందరు నవ్విరి. ఆ నవ్వు నాకు తియ్యగా నుండెను. అంతటితో నాగక 1921 నవంబరు 12వ తేదీ కథను ఎత్తుకొంటిని. హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో కర్వే పండితుని అధ్యక్షతను సంఘసంస్కార సభ జరుగుచుండెను. ఇతర భాషల ప్రసంగములను సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినంతనే గేలిచేసి, చప్పట్లు చరచి కూర్చుండబెట్టిరి. ఆ యవమానముతోనే కొలదిమంది టేకుమాల రంగారావుగారి యింట చేరి ఆంధ్రజనసంఘమునకు పునాది వైచిరి. “అట్టి తెలుగును మీరు బడినుండి వెడలగొట్టుదురా?” అని ముగించితిని.

మరునాడు దర్జీ రాలేదు. ఆ వారమంతయు రాలేదు. నేను గమనింపనే లేదు. గెలిచిన కథను నలుగురికి చెప్పుకొనుటలో నుంటిని. చరకుడు వలదన్న పనులలో నేను చేయనిది లేదు.

నెలదినముల పిమ్మట నల్లకోటు బిగువైనదని వాని దుకాణమునకు పోయితిని. అతడు కొలత తీసికొనెను, ఎప్పటివలె మర్యాదగా కాఫీ తెప్పించెను. అరుగునకు రావేమని యడిగితిని. “మీతో మాట్లాడతానండీ. వకీలుగారితోనే మాట్లాడలేను” అనెను. కోటు ఎప్పటికి కావలెనని యడిగెను. అంతే.

ఇంటికి వచ్చుచుండగా తోచెను: గేలిచేసి కూర్చుండబెట్టబడిన వెంకటరామారావుగారి కథను నేనే చెప్పుచు, అదే నోట నొక మనుష్యుని గేలిచేసి కూర్చుండబెట్టితిని. అదియును తెలుగు పేర! ఇంకొక మాట కూడ దాచను. నా పిల్లలిరువురు ఆంగ్లమాధ్యమపు బడిలోనే చదివిరి. ఆ సంగతి దర్జీ యెరుగును. వారి బడిదుస్తులు కుట్టినవాడతడే. ఆ రాత్రి ఆ యొక్క ప్రశ్న నన్నడిగియున్న నా వాదమంతయు కుప్పగూలెడిది. అడుగకుండుట అతని సభ్యత.

ఇప్పుడతని పక్షమును నాకు చేతనైనంత న్యాయముగ చెప్పెదను. ఉన్నతవిద్యకును, ఉన్నత న్యాయస్థానమునకును, మంచి జీతమునకును ద్వారములు ఆంగ్లముననే తెరచుకొనుచున్నవి. కలిమిగలవారు ఆ తాళపుచెవిని సొమ్ము పెట్టి కొనుచున్నారు. కొనలేనివాని బిడ్డకు మాత్రము భాషాభిమానము బోధింపబడుచున్నది. భాషను కాపాడు భారమును బీదవాని బిడ్డ తలపైననే పెట్టుట న్యాయమా? నా అభిప్రాయము నేటికిని మారలేదు. పసితనపు చదువు ఇంటిభాషలో నుండవలెననియే నమ్ముచున్నాను. కాని యా ప్రశ్నకు నాయొద్ద పూర్తి సమాధానము లేదు. లేదన్న సంగతి నాకు తెలియవలెనన్న అతడు అరుగుమీద నుండి తీరవలెను.

అభిప్రాయము మార్చుకొనుటయే తెరచిన మనస్సునకు గురుతని కొందరందురు. నేనట్లనను. 1934 జనవరిలో బీహారు భూకంపము వచ్చినప్పుడు, అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్షయని గాంధీజీ యనెను. ప్రకృతి యుత్పాతమును పాపపుణ్యములకు ముడిపెట్టుట తగదని రవీంద్రుడు తీవ్రముగా ఖండించెను. గాంధీజీ ఆ ఖండనమును ఫిబ్రవరిలో తన హరిజన పత్రికయందే అచ్చువేసి, తన జవాబును దానితోడనే ప్రకటించెను. ఆయన అభిప్రాయము మారలేదు. రవీంద్రునిదియు మారలేదు. ఆ విషయమున రవీంద్రునిదే నిజమని నా యెంచిక. కాని తన్ను ఖండించిన మాటకు తన పత్రికలోనే చోటిచ్చిన గాంధీజీని చూచి, ఒక దర్జీకి అరనిమిషమైన చోటీయని నేను తలవంచుకొనవలెను.

లేనివారిని గూర్చి మాటలాడుట మనకు మిక్కిలి సులువు. 1917 నవంబరులో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను జరిగిన సభలో, ఇతరులు తమకు తగిలించిన పంచమ శబ్దమును త్రోసివైచి, మేము ఆదిఆంధ్రుల మని చాటుకొనిరి. ఎన్ని యరుగులమీద ఎందరు పెద్దలు ఆ “పంచమ సమస్య”ను చర్చించియుండిరో! పిలువబడువారు ఆ యరుగు లెక్కి యుండిన, ఆ పేరు ఒక్క సాయంకాలము నిలిచెడిదా? మన యరుగుమీద నేటికిని స్త్రీ యొక్కతె కూర్చుండగా నేను చూడలేదు. ఎదుట కూర్చున్న సోదరీమణులు ఇందులకు నన్నే ముందుగా దండింపవచ్చును.

ఇక నేను వచ్చిన పని. మన మందిరమునకు రాత్రి ఎనిమిది గంటలకు తాళము పడుచున్నది. అది ఉద్యోగులకును, పింఛనుదారులకును, మా వకీళ్లకును అనువైన వేళ. దర్జీలు, కిరాణా దుకాణపు గుమాస్తాలు, ఆటో నడుపువారు తీరిక చేసికొనునది ఎనిమిది తరువాతనే. తొమ్మిదిన్నర వరకు దీపముంచుటకు నెలకగు విద్యుత్తు ఖర్చును, కావలివానికి అదనముగా నీయవలసిన భత్యమును లెక్కవేసి కార్యవర్గమునకు అర్జీ పెట్టితిని. మొదటి సంవత్సరపు వ్యయము నేను భరింతును. మరియొక బెంచీ కూడ కావలెను. అర్జీ వచ్చు ఆదివారము విచారణకు వచ్చును. ఎదురు చెప్పదలచినవారు తప్పక రాగోరుచున్నాను. నేనానాడు ప్రశ్నలు వేయను, విందును. దర్జీకి కూడ ఈ మాట చెప్పివచ్చితిని. కుట్టుపని మిగిలియున్నది, చూచెదననెను.