వేడితో ఒకటయ్యే గాజు నగలు

జిగురుగానీ టంకంగానీ వాడకుండా, రంగురంగుల గాజు ముక్కలను కొలిమి వేడితోనే ఒకటిగా కలిపి లాకెట్లు, చెవిదుద్దులు చేసే పద్ధతిని గ్లాస్ ఫ్యూజింగ్ అంటారు. శిక్షణ తరగతిలో అభ్యాసకులు రక్షణ కళ్లద్దాలు ధరించి, గాజు పలకపై కటర్‌తో గీత గీసి, ఆ గీత వెంబడి విరిచి, ముక్కలను శుభ్రంగా తుడిచి ఒకదానిపై ఒకటి పేరుస్తారు. అవన్నీ వేడికి ఒకే మేరకు వ్యాకోచించే గాజు రకాలై ఉండాలి. లేనిపక్షంలో చల్లారేటప్పుడు హెచ్చుతగ్గులుగా కుంచించుకొని, నగ పగిలిపోతుంది. విద్యుత్ కొలిమిలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వద్ద ముక్కలు పూర్తిగా కలిసిపోయి, పదునైన అంచులు తేనెబొట్టులా గుండ్రబడతాయి. ఆపై లోపలి ఒత్తిడి తొలగేందుకు సుమారు 500 డిగ్రీల వద్ద కొంతసేపు నిలిపి, నెమ్మదిగా చల్లార్చడాన్ని ఎనీలింగ్ అంటారు. నగ మన్నిక ఈ దశపైనే ఆధారపడుతుంది కాబట్టి, పూర్తిగా చల్లారేవరకు కొలిమి మూత తెరవకూడదు.