కీళ్ల నొప్పులు: కారణ విచారణ
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కీళ్ల బిగువును గూర్చియు, నొప్పిని గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. ఈ విషయము మనలో ఎవరికిని పరాయిది కాదు. కార్యాలయములో గంటల తరబడి కూర్చుండి లేచునప్పుడు బల్ల నూతగా పట్టుకొనువారును, ఉదయమున వ్రేళ్లు ముడువలేక కాఫీ గ్లాసును రెండు చేతులతో ఎత్తుకొనువారును ప్రతి కుటుంబములోను ఉందురు.

ఏ కీలు నొచ్చినను మనము "వాతము చేసినది" అని ఊరకుందుము. ఈ ఒక్క మాటతో తృప్తిపడుటలోనే ప్రమాదమున్నది. మన ప్రాచీన వైద్యులు సైతము అట్లు తృప్తిపడలేదు. చరక సంహిత వాతరక్తమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము నొసగినది. మాధవ నిదానము ఆమవాతమును వేరుగా వర్ణించినది. నేటి వైద్యశాస్త్రము కీళ్లను బాధించు వ్యాధులను నూటికి పైగా గుర్తించుచున్నది. అందు కొన్ని నిదానముగా నడచునవి. కొన్ని సకాలమున మందు పడినచో అదుపులోనికి వచ్చునవి. కొన్ని రెండు మూడు దినములలోనే కీలును పాడుచేయునవి.

రెండు ఎముకలు కలియు చోట వాని కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. చుట్టునున్న సంచికి లోపలివైపున పలుచని పొర యొకటి ఉండి, కందెన వంటి ద్రవమును ఊరించును. మృదులాస్థి అరిగినచో ఒక విధమైన బాధ; లోపలి పొర వాచినచో మరియొక విధమైన బాధ. ఈ భేదమును తెలిసికొనుటకు రోగి తనను తాను నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: ఏ కీలు? ఏ వేళ? ఎంతసేపు? తోడుగా మరేమున్నది?

మోకాలు నడచినప్పుడు, మెట్లు దిగునప్పుడు నొచ్చి, విశ్రాంతితో తగ్గి, ఉదయపు బిగువు అరగంటలోపల సడలినచో అది సాధారణముగా అరుగుదల వలన కలిగిన సంధివాతము. వయస్సు, అధిక భారము, పూర్వము తగిలిన దెబ్బలు దీనికి ముఖ్య కారణములు. శరీరము ఒక కిలో బరువు తగ్గినచో నడకలో ప్రతి అడుగునను మోకాలిపై సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గును. తొడ కండరములను బలపరచు వ్యాయామము దీనికి మంచి చికిత్స. "అరిగిన కాలు గదా" యని కదలక కూర్చుండుట బాధను పెంచును.

ఉదయపు బిగువు గంటకు మించి నిలిచి, రెండు చేతుల వ్రేళ్లును మణికట్లును ఒకే తీరున వాచి, నీరసము తోడైనచో రుమటాయిడ్ వ్యాధిని శంకింపవలెను. శరీరమును రక్షింపవలసిన శక్తియే పొరపడి కీళ్ల లోపలి పొరపై దాడి చేయుటచే ఇది కలుగును. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. మొదటి కొద్ది నెలలలో సరియైన మందు ప్రారంభించినచో వ్రేళ్లు వంకర పోకుండ కాపాడవచ్చును. కాని మన ఇండ్లలో గృహిణి తన నొప్పిని చెప్పదు. పిల్లల పరీక్షలు కానిమ్మనును, పెండ్లి కానిమ్మనును. ఆ వాయిదాలలోనే అమూల్యమైన కాలము గడచిపోవును.

యువకులకు నడుము బిగిసి, తెల్లవారుజామున నొప్పిచే మెలకువ వచ్చి, విశ్రాంతితో గాక కదలికతో ఉపశమనము కలిగినచో వెన్నుపూసల వాపు వ్యాధి యేమో యని పరీక్ష చేయించవలెను. రాత్రికి రాత్రి కాలి బొటనవ్రేలు ఎఱ్ఱనై, దుప్పటి తగిలినను ఓర్వలేని బాధ కలిగినచో గౌటు కావచ్చును. యూరిక్ ఆమ్లపు స్ఫటికములు కీలులో చేరుటయే దీనికి కారణము. గౌటు రోగుల రక్తములో ఈ ఆమ్లము అధికముగా నుండుటను 1848లో ఆల్ఫ్రెడ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు నిరూపించెను. భుజము క్రమముగా బిగిసి చేయి పైకి లేవకున్నచో రక్తములో చక్కెరను కూడ పరీక్షించవలెను. మధుమేహము గలవారికి ఈ బాధ ఎక్కువ.

మన ప్రాంతములకు చెందిన రెండు కారణములను మరువరాదు. మొదటిది నీటిలోని ఫ్లోరైడు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ఫ్లోరోసిస్‌ను గూర్చి 1937లో వైద్య పత్రికలో వెలువడిన పరిశోధన మన దేశములో తొలినాటి వానిలో ప్రసిద్ధమైనది. నల్లగొండ పేరు ఈ వ్యాధి వలననే దూరదేశములకు తెలిసినది. ఇట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో వెన్ను బిగిసి మెడ తిరుగదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. దీనికి నొప్పి మాత్ర మందు కాదు, మంచినీరే రక్ష. రెండవది చికున్‌గున్యా. 1963లో కలకత్తాలో తొలిసారి కనిపించి, తరువాత అణగి, 2005-06లో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రములలో విజృంభించినది. జ్వరము వారములో తగ్గినను కీళ్ల నొప్పి నెలల తరబడి పీడింపవచ్చును.

రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. ఒకే కీలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, జ్వరము వచ్చినచో అది చీము పట్టిన కీలు కావచ్చును; ఆ దినమే ఆసుపత్రికి చేరవలెను. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారములకు బిడ్డకు ఒక కీలునుండి మరియొక కీలునకు నొప్పి పాకుచున్నచో రుమాటిక్ జ్వరమును శంకింపవలెను. కీళ్లు తేరుకొనును గాని, గుండె కవాటములు శాశ్వతముగా చెడవచ్చును. "ఎదిగే పిల్లల కాళ్ల నొప్పులు" అని త్రోసిపుచ్చరాదు.

ఇక మందుల మాట. పేరు లేని పొడులను, మాత్రలను వాడవద్దు. ఒక్క పూటలో నొప్పి మాయమైనచో అందు స్టెరాయిడు కలిసియుండవచ్చునని అనుమానింపుడు. నొప్పి మాత్రలు అదేపనిగా మ్రింగినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు దెబ్బతినును. రుమటాయిడ్ వ్యాధికి వ్రాయు మెథోట్రెక్సేటు వారమునకు ఒక్క దినము మాత్రమే వాడవలసిన మందు. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. కావున ఆ వారమును చీటీపై వ్రాసి గోడకు అంటించుకొనుడు. రక్త పరీక్షలో ఒక అంకె ఎక్కువైనంత మాత్రమున వ్యాధి నిర్ణయము కాదు. వైద్యుడు కీలును చేతితో తాకి, రోగి మాట విని నిర్ణయింపవలెను.

1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము మనలో అనేకులకు అందుబాటులో నున్నది. ఆరు వారములకు మించి కీళ్ల వాపు నిలిచినచో, నేను చెప్పిన నాలుగు ప్రశ్నలకు సమాధానములను ఒక కాగితముపై వ్రాసికొని వైద్యుని కడకు వెళ్లుడు. ముఖ్యముగా నేడు ఇంటికి పోయిన పిమ్మట మీ తల్లిని, భార్యను, అత్తగారిని ఒక్క మాట అడుగుడు: "ప్రొద్దున వ్రేళ్లు ఎంతసేపటికి సడలుచున్నవి?" అడుగనిదే వారు చెప్పరు.